మొదటి పోగు

మాధవరం,
14-2-1957.

బావకు చౌడి రాయడం.

ఇక్కడ అత్తా నేనూ బాగున్నాం. నువ్వూ అక్కడ బాగున్నావని తలుస్తాను అని రాయాలి. బాగుంటే ఆసుపత్రిలో ఎందుకుంటావు? అందుకని ఆ వాక్యం వదిలేశాను. భర్తకు ఉత్తరం రాసేటప్పుడు మీరు, తమరు అని రాయాలని కోడుమూరు బడిలో మా పంతులమ్మ నేర్పింది. మొదట అట్లాగే రాసి చూశాను. తాసిల్దారుకు అర్జీ పెట్టుకున్నట్టు వచ్చింది. దాన్ని పొయ్యిలో వేసి ఇంకో కాగితం తీసుకున్నాను. మాటలు వచ్చినప్పటినుంచి నిన్ను బావా అనే పిలిచాను. నువ్వు రాయవేలూరు పోయినంతమాత్రాన నీకు కొత్త మర్యాదలు చెయ్యడం నా వల్ల కాదు.

నీ కార్డు సోమవారం వచ్చింది. "వైద్యం జరుగుతోంది. గొంతుకు రోజూ కరెంటు పెడుతున్నారు. అయిపోయినాక నేను ఇంటికి రాను. ఇక్కడికి దగ్గర్లో గుడియాత్తంలో మగ్గాలున్నాయి, పని దొరుకుతుంది. నువ్వు అమ్మను తీసుకుని కోడుమూరులో మీ అన్న లక్ష్మన్న ఇంటికి వెళ్ళు. మగ్గం గోపన్నకు ఇచ్చెయ్యి." అంతే. కింద సంతకం. పందొమ్మిదేండ్ల కాపురానికి ఆరు ముక్కలు. మగ్గంలో కూర్చుంటే పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా కథలు చెప్పే మనిషివి. పక్క మగ్గం గోపన్న నీ కథ వింటూ చెయ్యి ఆపేస్తున్నాడని వాళ్ళావిడ నాతో తగువు పెట్టుకున్న రోజులున్నాయి. అంత నోరున్నవాడివి, నాకు రాయడానికి మాత్రం మాటలు కరువొచ్చాయా?

కార్డు చూసి అత్త పరుగున వచ్చింది. "ఏమే చౌడీ, ఏం రాసినాడే వాడు?" అంది. "బాగుండాడంట అత్తా, అన్నం తింటాండాడంట" అన్నాను. "అన్నం తింటాంటే ఇంగేం కావల్ల" అని కార్డు నా చేతిలోంచి తీసుకుని కళ్ళకద్దుకుని, దేవుడి గూట్లో చౌడేశ్వరి పటం దగ్గర పెట్టింది. ఇంటికి రానని నువ్వు రాసిన కార్డుకు రోజూ కుంకుమ పెడుతోంది. అత్తకు చదువు రాకపోవడం ఎంత మంచిదో నాకు ఇప్పుడు తెలిసింది.

ఊళ్ళో అందరూ నీ గురించి అడుగుతున్నారు. కొందరు మంచిగా అడుగుతారు. కొందరు "చాటుగా పొగాకు నమిలేవాడేమో, లేకుంటే గొంతులో ఆ పుండు, మెడలో ఆ గడ్డ ఎట్లొస్తాయి" అని నా ముఖం చూస్తారు. కడపలో ఆ డాక్టరు అడిగినట్టే. "ఎన్నేండ్ల నుంచి నములుతాండావు?" అని ఆయన, "నేను నమలను సార్" అని నువ్వు, "అందరూ ఇట్లనే చెప్తారు" అని మళ్ళీ ఆయన. అప్పుడు అత్త లేచి నిలబడి, "నా కొడుకు వక్కపలుకు గూడా నోట్లో ఏసుకోడు. నీ మాదిరి సిగిరెట్టు తాగేవోడు గాదు" అనడమూ, ఆయన చేతిలో సిగరెట్టు ఠక్కున ఆర్పేయడమూ. అంత బాధలోనూ నువ్వు నవ్వావు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. తర్వాత ఆయన నీ మెడ తడిమి, అద్దం పెట్టి గొంతులోకి చూసి, ఇది ఇక్కడ అయ్యే పని కాదు, రాయవేలూరు పొమ్మన్నాక ఆ ధైర్యం పోయింది.

నీకు తెలిసే ఉంటుంది, ఊరంతా ఎనిమిది నెలలు లెక్కపెట్టింది. మామకు చెవి కింద గడ్డ కనిపించిన రోజునుంచి ఎనిమిది నెలలు బతికాడు కదా. మన ఊళ్ళో అంతకు ముందు ఆ జబ్బు చూసినవాళ్ళు లేరు, అందుకని ఆ ఎనిమిది నెలలే అందరికీ శాస్త్రం అయిపోయింది. నీకు గడ్డ కనిపించింది పోయిన ఉగాదికి. పక్కింటి నాగక్క నూలు కండెలు చుట్టడం ఆపి, వేళ్ళు మడిచి, కార్తీకం దాటదని లెక్క తేల్చింది. కార్తీకం పోయింది, పుష్యం పోయింది. నువ్వు ఇంకా ఉన్నావు, కార్డు కూడా రాశావు. నాగక్క ఇప్పుడు నా ఎదురుగా వేళ్ళు మడవడం మానేసింది.

బావా, నాకు ఈ మధ్య పాత సంగతులే గుర్తుకొస్తున్నాయి. కాపురానికి వచ్చిన మూడో రోజు అత్త నన్ను మగ్గం దగ్గరికి పిలిచి, మామ పేకపోగు వేసే చింతచెక్క నాడె నా చేతిలో పెట్టింది. కోడుమూరులో మా ఇంట్లోనూ మగ్గం ఉంది, నాడె నాకు కొత్త కాదు. కానీ మీ ఇంటి ఆనవాయితీ నాకు తెలియదు. "కొత్త పడుగు ఎక్కిచ్చినబ్బుడు మొదటి పోగు ఈ ఇంటి ఆడమనిషే లాగల్ల. నోట పెట్టి పీల్చి మొగుని చేతికియ్యి" అంది. నాడెలో కండె పెట్టి, పక్కనున్న కన్నానికి నోరు ఆనించి ఊపిరి లాగితే, పోగు కొస కన్నంలోంచి దూకి నాలుకకు అంటుకోవాలి. నాకు పదిహేనేండ్లు. చుట్టూ పదిమంది చూస్తున్నారు. సిగ్గుతో గట్టిగా పీల్చేసరికి పోగుతోబాటు నూలు దుమ్మంతా గొంతులోకి పోయి ఒకటే దగ్గు. నువ్వు మగ్గం గుంటలో కూర్చుని నవ్వుతూ, "చౌడీ, నూలు మింగినావంటే కడుపులో చీర తయారైతాది సూడు" అన్నావు. నేను దగ్గుతూనే పోగు కొస నీ చేతికిచ్చాను. అది ఇంకా నా నోటి తడితోనే ఉంది. నువ్వు దాన్ని తుడవకుండా పడుగులోకి వేశావు. అది చూశాక నాకు ఈ ఇల్లు పరాయిదని అనిపించలేదు.

అప్పటినుంచి ఎన్ని పడుగులు వేశామో! యుద్ధంలో నూలు దొరక్క మగ్గం పండుకున్నప్పుడు, మొదటి పోగు కోసం ఇద్దరం ఎంత మొహం వాచిపోయామో నీకు గుర్తుండాలి. మొన్న కరువులో పడుగుకు పెట్టాల్సిన గంజిని మనం ముగ్గురం తాగేసి, పడుగు సంగతి రేపు చూద్దామని నవ్వుకున్నాం. బిడ్డలు నిలవని మన ఇంట్లో పండగంటే కొత్త పడుగు ఎక్కించే రోజే. అట్లాంటి మగ్గాన్ని గోపన్నకు ఇవ్వమంటావా? ఇవ్వను. గోపన్నను అడిగాను, వాడే "ఆయప్పకు మతి పోయిందా" అన్నాడు.

నువ్వు సగంలో వదిలిన పడుగు మీద నేను కూర్చున్నాను. ఆడది గుంటలో దిగిందని ఎవరూ ఏమీ అనలేదు. అన్నా వినేదాన్ని కాను. బజారులో కొన్న నాడెతో నేస్తున్నాను. మామ నాడె ఇల్లంతా వెతికాను, కనిపించలేదు. నువ్వు వెంట తీసుకుపోయినట్టున్నావు. నాడె తీసుకుపోయి మనిషిని వదిలిపోయినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. ఎందుకు తీసుకుపోయావో రాయి. ఇంటికి ఎందుకు రావో అది కూడా రాయి.

నీ జవాబు కోసం చూస్తుండే,
చౌడి.


మాధవరం,
9-3-1957.

జవాబు రాయని బావకు,

పోయిన వారం లాజరు మళ్ళీ రాయవేలూరు పోయి వచ్చాడు. నిన్ను ఆసుపత్రిలో చేర్చి వచ్చిన మనిషి కదా, చూడకుండా ఉండలేకపోయాడు. వచ్చీరాగానే మన ఇంటికే వచ్చాడు. "మెడంతా కరెంటుకు నల్లబడి ఉండాదమ్మా. నోరంతా పుండ్లు. గంజి తప్ప ఏందీ దిగదు. మాట గూడా గుసగుసే. కానీ గడ్డ శానా తగ్గినట్టుండాది, నేను తడిమి సూసినా" అన్నాడు. ఆ నర్సమ్మ కృపమణి, మీ వార్డులో తెలుగు వచ్చిన ఆమె, లాజరుతో ఒక మాట చెప్పి పంపింది. నువ్వు నా ఉత్తరం మూడుసార్లు చదివావట. మడిచి దిండు కింద పెట్టుకున్నావట. జవాబు రాయమని ఆమె కాగితం ఇస్తే, గోడవైపు తిరిగి పడుకున్నావట.

అది విన్నాక నాకు ఇంక దాచుకోవడం చేతకాలేదు. మొదటి ఉత్తరంలో నీ మీద విసుక్కున్నాను. ఇంటికి ఎందుకు రావో రాయమన్నాను. అది నా దొంగాట. ఎందుకు రావో నాకు తెలుసు. తెలిసే అడిగాను, నువ్వు వేరే కారణం ఏదైనా చెబుతావేమోనని ఆశపడి.

ధనుర్మాసంలో కొత్త పడుగు ఎక్కించిన రోజు సంగతి. అంతకు నాలుగు రోజుల ముందు నాగక్క నా పక్కన కూర్చుని కండెలు చుడుతూ అంది: "సుబ్బయ్య మామ నోట్లో పెట్టుకున్న నాడే గదనే నీ మొగుడూ నోట్లో పెట్టుకునేది. ఆయప్పకు గడ్డ లేసె, ఈయప్పకూ లేసె. ఎంగిలి అంటుకుంటాది తల్లీ. ఇంగ నువ్వు గూడా పెడతావా?" ఆమె చెడ్డది కాదు, నా మంచికోరే అంది. నేను కసిరాను కూడా. కసిరినంతసేపు పట్టలేదు, ఆ మాట నాలో దిగబడింది. నాలుగు రోజులు అదే ఆలోచన. మామ చివరి రోజులు నేను చూశాను బావా. ఆయన పుండు కడిగింది నేనే. ఆ వాసన నాకు తెలుసు. ఆయన నీళ్ళు మింగలేక కళ్ళతో అడిగిన అడగడం నాకు తెలుసు. నువ్వూ అట్లాగే అయిపోతావని ఒకవైపు ఏడుపు, నేనూ అట్లాగే అయిపోతానేమోనని ఇంకోవైపు భయం. ఏడుపు అందరికీ చూపించాను. భయం ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు అత్త హారతి ఇచ్చింది. నువ్వు గుంటలో కూర్చుని నాడె నావైపు చాపావు. నేను చేతిలోకి తీసుకున్నాను. పెదవుల దాకా తెచ్చాను. తెచ్చి, "పంటినొప్పి బావా, పీల్చలేను, ఈసారికి నువ్వే లాగు" అన్నాను. నాకు పంటినొప్పి లేదు. ఒక్క పన్ను కూడా నొప్పి లేదు. పందొమ్మిదేండ్లలో నేను నీతో చాలా అబద్ధాలు చెప్పాను, ఉప్పు అయిపోలేదని, చీర చినగలేదని. ఇట్లాంటి అబద్ధం అదొక్కటే.

నీ ముఖం నేను చూశాను. ఏదో చటుక్కున మారింది. నువ్వు నాడె తీసుకుని నీ నోట పెట్టుకున్నావు. పీల్చావు. పోగు రాలేదు. మళ్ళీ పీల్చావు. మూడోసారీ రాలేదు. ఇరవై ఏండ్లుగా రోజుకు నూరుసార్లు పోగు లాగే మనిషికి పోగు రాలేదు. నీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల పక్కకు తిప్పుకుని, నాడె నడుముకు దోపుకుని, గుంటలోంచి లేచి బయటికి వెళ్ళిపోయావు. ఆ తర్వాత ఆ నాడెను నువ్వు మగ్గం మీదికి తేలేదు. ఆరో రోజు లాజరును తోడు తీసుకుని రైలెక్కావు. నన్ను తోడు రావద్దన్నావు. స్టేషనులో కూడా నా ముఖంలోకి చూడలేదు.

నా నోరు నీ ఎంగిలికి వెనక్కి పోయిందని నీకు తెలిసిపోయింది. ఆ బాధకే నీకు ఊపిరి ఆడక పోగు రాలేదు. ఆ బాధకే నాడె తీసుకుపోయావు. ఆ బాధకే ఇంటికి రానంటున్నావు. ఇంత పెద్ద జబ్బులో మనిషికి అన్నిటికంటే ముందు కావలసింది ఏదో, దాన్నే నేను ఆ రోజు ఇవ్వలేదు. మామకు పుండు కడిగిన చేతులు నావే, నీ నాడెకు వెనక్కి తగ్గిన నోరూ నాదే. రెండూ ఒక మనిషివేనంటే నాకే నమ్మకం కుదరడం లేదు.

ఇప్పుడు నీ మగ్గంలో కూర్చుని, బజారు నాడెతో, కండె మారినప్పుడల్లా నోట పెట్టి పోగు లాగుతున్నాను. లాగిన ప్రతిసారీ ఆ రోజే గుర్తుకొస్తుంది. ఎన్నిసార్లు లాగినా ఆ ఒక్కటీ తిరిగి రాదు.

నేను క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే క్షమిస్తావు, నీ గుణం నాకు తెలుసు, అది నాకు వద్దు. నాలుగు తిట్టు. కాగితం నిండా తిట్టు. తిట్టి ఇంటికి రా. ఎనిమిది నెలలో, ఎనిమిది రోజులో, నాకు తెలియదు. ఎన్నున్నా అవి ఈ ఇంట్లో ఉండాలి. నీ కంచంలో తింటాను, నీ చెంబుతో తాగుతాను. వద్దంటే నేనే గుడియాత్తం వచ్చి నీ గడప దగ్గర కూర్చుంటాను. అత్తను కూడా తీసుకొస్తాను, ఆమె నోరు ఎట్లాంటిదో ఆ ఊరివాళ్ళకు నువ్వే చెప్పుకోవాలి.

తప్పు చేసిన
చౌడి.


రాయవేలూరు,
24-3-1957.

చౌడికి,

మాట పైకి రాదు, అందుకని చేత్తో మాట్లాడుతున్నాను. చేతికి కూడా వణుకుంది, అక్షరాలు వంకరగా ఉంటే నవ్వుకో. నీ రెండో ఉత్తరం వచ్చి పది రోజులైంది. వెంటనే రాయాలనుకున్నాను. ముందు డాక్టరును ఒక మాట అడగాల్సి ఉంది. అది అడిగే ధైర్యం రావడానికి ఇన్ని రోజులు పట్టింది.

మొదట నీ పంటినొప్పి సంగతి చెబుతాను. చౌడీ, ఆ నాడె కన్నంలో నేను మైనం కూరిపెట్టాను.

నువ్వు కండెల దగ్గర కూర్చుని నాలుగు రోజులు ఆలోచించావన్నావు. నేను నాలుగు నెలలు ఆలోచించాను. నాన్న నాడె, నాన్న ఎంగిలి, నాన్న గడ్డ. నాగక్కకు తట్టింది నాకు తట్టదా? ఆ నాడెను రోజుకు నూరుసార్లు నోట పెట్టుకున్నవాణ్ణి నేనే కదా. నాకు వచ్చిందంటే వచ్చింది, పోనీ. కొత్త పడుగు ఎక్కించే రోజు దగ్గరికొస్తోంది, అమ్మ హారతి పళ్ళెం తోముకుంటోంది, నువ్వు మొదటి పోగు లాగాలి. వద్దంటే ఎందుకని అడుగుతావు. ఎందుకో చెబితే, నీ మొండితనం నాకు తెలియదా, కావాలనే లాగుతావు. నాడె దాచేస్తే అమ్మ ఇల్లంతా తిరగేస్తుంది. అందుకని పొద్దున్నే పెరట్లో కూర్చుని కన్నం నిండా తేనెమైనం కూరి, పైన దుమ్ము రుద్దాను. నువ్వు పీలుస్తావు, పోగు రాదు. నాడె చెడిపోయిందని పక్కన పడేస్తాను, కొత్త నాడెకు నీ చేత లాగిస్తాను. ఇదీ నా ఎత్తు. ఎంత తెలివైనవాణ్ణో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాడె నీకు చాపుతున్నప్పుడు ఇంకో భయం పుట్టింది. పోగు రాకపోయినా నీ పెదవులు ఆ చెక్కను తాకుతాయి కదా! అది ముందు తట్టలేదు. నువ్వు దాన్ని పెదవుల దాకా తెచ్చావు. లాక్కుందామని చెయ్యి ఎత్తాను. అప్పుడు నువ్వు పంటినొప్పి అన్నావు. అది అబద్ధమని నాకు అప్పుడే తెలుసు. పొద్దున్నే నువ్వు చెరకు ముక్క కొరుక్కుని తిన్నావు, నేను చూశాను. నువ్వు భయపడ్డావని తెలిసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అమ్మయ్య, ఇది బతుకుతుంది అనుకున్నాను. నా ముఖం మారింది అందుకు. ఇంకో మాట కూడా నిజం చెబుతాను. నువ్వు నాకు నిజం చెప్పావు కాబట్టి నేనూ చెప్పాలి. లోపల ఎక్కడో కొంచెం చివుక్కుమంది కూడా. రెండూ ఒక్కసారే వచ్చాయి. పెద్దది సంతోషమే.

తర్వాత నా గతి చూడు. అందరూ చూస్తున్నారు, నేను పీల్చాలి. మైనం పెట్టిన కన్నంలోంచి పోగు ఎట్లా వస్తుంది? మూడుసార్లు పీల్చాను, మూడుసార్లూ గొంతులో పుండు భగ్గుమంది. కళ్ళలో నీళ్ళు దానికి వచ్చాయి. ఇంకాసేపు ఉంటే అమ్మ నాడె తీసుకుని కన్నంలోకి చూస్తుందని, లేచి పారిపోయాను. నువ్వేమో దాన్ని నీ పాపం కింద రాసుకుని మూడు నెలలు మోశావు. స్టేషనులో నీ ముఖంలోకి చూడలేదు నిజమే. చూస్తే దిగిపోతానని చూడలేదు. నాడె తీసుకొచ్చింది, నేను లేనప్పుడు నువ్వు దాన్ని ముట్టుకోకూడదని. ఇంటికి రానన్నదీ అందుకే. నాన్న మాదిరి నీ ఎదురుగా పోవడం, పోతూ పోతూ నీకు అంటించడం, రెండూ నాకు వద్దు అనుకున్నాను. నీ ఉత్తరం చదివి గోడవైపు తిరిగింది కృపమణమ్మకు నా ఏడుపు కనపడకూడదని.

ఇప్పుడు డాక్టరు సంగతి. నిన్న ఆయన మెడ తడిమి, అద్దం పెట్టి గొంతులోకి చాలాసేపు చూశాడు. ఆయనకు అరవమే వస్తుంది, కృపమణమ్మ నాకు తెలుగులో చెప్పింది. గొంతులో పుండు మానిందట. గడ్డ చేతికి దొరకడం లేదట. అప్పుడు నేను నాన్న సంగతి చెప్పాను, ఎనిమిది నెలల సంగతి చెప్పాను, నాడె సంగతి చెప్పాను. ఆయన నాడె తెమ్మన్నాడు. దిండు కింద నుంచి తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, పోగు ఎట్లా లాగుతారో మళ్ళీ చెప్పించుకున్నాడు.

"మీ నాయన పొగాకు నమిలేవాడా?" అని అడిగాడు. నమిలేవాడు, మగ్గం పక్కన తిత్తి ఎప్పుడూ ఉండేది అన్నాను. అప్పుడు కృపమణమ్మ నోట ఆయన చెప్పింది ఇది: "మీ నాయన గడ్డా నీ గడ్డా సూడ్డానికి ఒకటే గాని ఒకటి గాదంటాండారు. పొగాకు నమిలేవోళ్ళకు వచ్చేది మొండిదంట, కరెంటుకు తొందరగా లొంగదంట. పొగాకు ముట్టనోళ్ళకు గూడా అప్పుడప్పుడు ఇట్లా వస్తాదంట. మెడలో గడ్డ ఇంత పెద్దగా కనపడి భయపెడతాది గాని, వాటిల్లో కొన్ని కరెంటు తగలంగానే ఇట్టే కరిగిపోతాయంట. ఎందుకో మాత్రం ఆయనకు తెల్దంట."

అది ఎట్లా పుడుతుందని అడిగాను. కోళ్ళకు వచ్చే గడ్డ ఒకటి ఉందట. కంటికి కనపడని పురుగేదో దాన్ని తెస్తుందని అమెరికాలో ఎప్పుడో కనిపెట్టారట. మనుషుల సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదట. పురుగు అనేసరికి ఇంక ఆగలేకపోయాను. అసలు అడగాల్సిన మాట అప్పుడు అడిగాను. నా భార్య నా ఎంగిలి తాకితే ఆమెకు వస్తుందా అని.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. అందుకే నమ్మాను. తర్వాత చెప్పాడు: "నేను ఈ రోగులను సూడబట్టి ఇరవై ఏండ్లయింది. వాళ్ళ పెండ్లాలు వాళ్ళ కంచంలోనే తిన్నారు, పుండ్లు కడిగినారు, బిడ్డలను కన్నారు. మొగుని నుంచి పెండ్లానికి ఈ గడ్డ పోయింది నేను ఒక్కటి గూడా సూడలేదు. ఇంతకంటే నాకు తెల్దు. నాకు తెలిసిన మటుకు నువ్వు ఇంటికి పో." ఇంకా ఎన్ని నెలలు బతుకుతాను సార్ అన్నాను. నెలలు లెక్కపెట్టొద్దన్నాడు. రెండేండ్లు గడ్డ తిరిగి రాకుంటే సగం భయం తీరినట్టట. ఐదేండ్లు దాటితే తన దగ్గరికి రానక్కరలేదట, ఒక చీర పంపితే చాలట. తిరిగి రాదని మాత్రం రాసివ్వలేనన్నాడు. నేను రాసివ్వమనలేదు. నాన్న ఎనిమిది నెలలు నా నెత్తి మీదనుంచి దిగిపోయాయి. నాకు అదే చాలు.

ఇంటికి వస్తున్నాను చౌడీ. వచ్చే నెల ఆరో తేదీ రేణిగుంటలో బండి మారి ఒంటిమిట్టలో దిగుతాను. శ్రీరామనవమికి వచ్చేవాళ్ళతో బండి కిక్కిరిసి ఉంటుంది, నన్ను వెతుక్కోవాలి. మెడ నల్లగా, ఎముకలగూడు మాదిరి ఉన్నవాడు ఎవడైనా దిగితే వాడే నేను. అమ్మకు ముందే చెప్పు, చూసి బెదురుకోకుండా.

ఒక్క సంగతి ఉంది. నిన్న డాక్టరు వెళ్ళాక, సూది వెచ్చజేసి నాడె కన్నంలో మైనమంతా తీసేశాను. కృపమణమ్మ ఎక్కడినుంచో కొంచెం నూలు తెచ్చిచ్చింది. పుల్లకు చుట్టి నాడెలో పెట్టి, ఎప్పటి మాదిరి పీల్చాను. పోగు రాలేదు. ఈసారి మైనం లేదు. కరెంటుకు నా నోట్లో ఊట ఎండిపోయింది చౌడీ. గుక్క నీళ్ళు లేనిదే నాలుక కదలదు. పోగు కొస నాలుక దాకా వస్తుంది, తడి లేక అంటుకోకుండా వెనక్కి పోతుంది. పదిసార్లు చూశాను. ఆ ఊట కొంచెం తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అంటున్నారు. ఏ ఎంగిలికి మనిద్దరం అంతగా భయపడ్డామో, అది నా నోట్లో ఇప్పుడు లేనే లేదు.

చేతులున్నాయి, కాళ్ళున్నాయి, నేస్తాను. కథలు నీళ్ళు తాగుతూ చెబుతాను. పోగు మాత్రం నేను లాగలేను. మొదటిదే కాదు, ఇంక ప్రతి కండెకూ నువ్వే లాగి ఇవ్వాలి. నీ పంటినొప్పి ఎట్లా ఉందో రాయి.

నీ
గురుస్వామి.


మాధవరం,
28-3-1957.

బావా,

కార్డే రాస్తున్నాను, ఇది నీకు బయలుదేరేలోగా అందాలి. సగం పడుగు నేనే నేసి దించాను. కొత్త పడుగు ఎక్కించి పెట్టాను. బజారు నాడెను గోపన్నకు ఇచ్చేశాను. మామ నాడె నువ్వు తెచ్చేదాకా మగ్గం ఆగుతుంది. గుంట పక్కన నీ చేతికి అందేటట్టు చెంబుతో నీళ్ళు పెట్టాను, రోజూ మారుస్తున్నాను. మైనం సంగతి అత్తకు చెప్పాను. తిడుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. ఆరో తేదీ ఇద్దరం స్టేషనులో ఉంటాం.

పంటినొప్పి తగ్గింది.

చౌడి.